బావి గట్టు మీద ప్రార్థన

1962 మే, మంగళవారం రాత్రి. కేతేపల్లి.

 

మా బావి పనిలో రోజూ ముందు కూలీల కొబ్బరికాయ, తర్వాత మేస్త్రీగా నా ప్రార్థన. రెండూ అయ్యాకే మోకు పట్టుకుని లోపలికి దిగుతారు. నా దేవుణ్ణి వాళ్లు మొక్కరు గాని, నేను ఆమెన్ అనేదాకా తలపాగాలు తీసి నిలబడతారు.

ఈ ఎండాకాలంలో ఇది మూడో బావి. ముందు తవ్విన రెండింటిలో చెమ్మ కూడా తగల్లేదు. పొద్దున కళ్లు మూసుకున్నాను గాని దేవుడితో ఒక్క మాటా మాట్లాడబుద్ధి కాలేదు. అంత కోపంగా ఉంది. ఆమెన్ అనడానికీ నోరు రాక అట్లాగే నిలబడిపోయాను. వాళ్లు ఓపికగా ఆగారు.

అప్పుడే పడమటి దరి మొత్తం విరిగి బావిలో పడింది. దుమ్ము తగ్గాక తొంగిచూస్తే, రోజూ మల్లయ్య గడ్డపార వేసే చోటు మట్టి కింద ఉంది.

మల్లయ్య నా కాళ్ల దగ్గరే కూలబడ్డాడు. "దినాం గింతసేపు చెయ్యవు గద మేస్త్రీ. నీకు ముందుగాల్నే ఎర్కయిందా?" అన్నాడు.

లేదన్నాను. నమ్మలేదు.

సాయంత్రం పెళ్లాం పిల్లలతో మా ఇంటికి వచ్చాడు. "పొద్దుగాల చేసిన గా ప్రార్థన మా పోరగాండ్లకు జర నేర్పు" అన్నాడు.

కళ్లు మూసుకోమన్నాను. అందరూ మూసుకున్నారు. నాకు మళ్లీ ఒక్క మాటా రాలేదు. ఈసారి కోపంతో కాదు, భయంతో.