షెడ్డు వైపు చెట్టు

కడియం,
15 నవంబరు 2025.

మరిది గణేష్‌బాబుకి వదిన సూర్యకళ దీవెనలు. హైదరాబాద్‌లో నువ్వూ, మా తోడికోడలూ, పిల్లలూ చల్లగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ నేనూ, హేమశ్రీ బాగానే ఉన్నాం. ఫోన్లో ఈ మాట ఎత్తితే చాలు, ఇద్దరికీ గొంతులు లేస్తున్నాయి. అందుకే ఉత్తరం.

నర్సరీలో ఆ రెండు నిద్రగన్నేరు చెట్ల గురించే. నాన్నగారు నాటినవి, నేనుండగా రంపం పడదు అన్నావు. మీ అన్నయ్య పోయాక ఉమ్మడి పొలంలో నీ మాట దాటి నేనేదీ చెయ్యలేదు. కానీ భయమేస్తోంది బాబూ.

దీపావళి వెళ్ళిన వారం. ఆకు కూడా కదలడం లేదు. ఆడవాళ్ళు షెడ్డు పక్క నీడలో కూర్చుని కవర్లలో మట్టి నింపుతున్నారు. పైన ఏదో చిటపటమంది. మన వెంకటదుర్గ తలెత్తి చూసి, "లెగండే, లెగండి!" అని కేక పెట్టింది. అందరూ పరుగెత్తారు. కౌగిలికి అందనంత కొమ్మ విరిగిపడి షెడ్డు రేకుల్ని నేలకి అణిచేసింది. దేవుడి దయ, ఎవరికీ ఏమీ కాలేదు.

అటవీశాఖలో చేసి రిటైరైన శాంతికుమార్ గారిని పిలిపించాం. మొదలు చుట్టూ తిరిగి, సుత్తితో కొట్టి చూశారు. "షెడ్డు వైపుది లోపలంతా డొల్లేనండి. పడ్డానికి గాలి కూడా అక్కర్లేదు" అన్నారు. కాలవ వైపుది గట్టిగానే ఉందట. కొమ్మల బరువు తగ్గిస్తే చాలన్నారు.

పనివాళ్ళని దూరంగా ఎండలో కూర్చోబెట్టాను. రోడ్డునేం చెయ్యను? చెట్టు అటే వాలి ఉంది. స్కూలు ఆటోలు ఆ కిందనుంచే వెళ్తాయి. హారన్ వినబడితే చాలు, ఆటో దాటిపోయేదాకా ఆ చెట్టు వైపే చూస్తూ నిలబడిపోతాను. పైగా మళ్ళీ వాయుగుండం అంటున్నారు.

ఒకటి తీయించేద్దాం, ఒకటి ఉంచుదాం. మావయ్యగారే ఉంటే ఆ కింద ఎవర్నీ కూర్చోనిచ్చేవారు కాదు. సరేనని ఒక్క మాట చెప్పు.

ఇట్లు,
నీ మేలు కోరే వదిన
సూర్యకళ

తా.క.: బాబాయ్, నేను హేమశ్రీని. అమ్మ చెబుతుంటే ఇదంతా నేనే రాశాను. ఈ నాలుగు ముక్కలూ మాత్రం అమ్మకి తెలీకుండా రాస్తున్నాను. ఎవరికీ ఏమీ కాలేదన్నది అబద్ధం. లేవబోతూ వెంకటదుర్గత్త మట్టిలో జారిపడితే, లాగడానికి అమ్మ వెనక్కి పరుగెత్తింది. కొమ్మ అమ్మ కుడి భుజం మీద పడింది. రాజమండ్రిలో ఆపరేషన్ చేశారు. వేళ్ళు ఇంకా కదలడం లేదు. తెలిస్తే నువ్వు జాలిపడి ఒప్పుకుంటావనీ, అలా వద్దనీ, నీకు చెప్పొద్దని అందరిచేతా ఒట్టు వేయించుకుంది.

నాకంత ఓపిక లేదు బాబాయ్. వచ్చే శనివారం చెట్టు కోసేవాళ్ళని రమ్మన్నాను. అమ్మకింకా చెప్పలేదు. నువ్వు పోట్లాడ్డానికైనా సరే, రా. వస్తే మాత్రం కాలవ గట్టు మీదుగా రా. రోడ్డు వైపునుంచి రాకు, ఆ చెట్టు కిందనుంచి నడవాల్సొస్తుంది.