ఎర్ర గీత దాటిన ముల్లు

మంగళవారం, రాత్రి

నా రూమ్మేటు మల్లేశన్న కాలు తీసెయ్యక తప్పదన్నారు డాక్టర్లు.

తొలినాటి యుద్ధ విమానాల వేగం ఎలా కొలిచేవారో ఫోన్లో చదివాను. పైనా కిందా ఉండే రెండు రెక్కల మధ్య నిలువు కర్రకు ఒక రేకు, దానికో స్ప్రింగు బిగించేవారు. ఎదురుగాలి రేకును వెనక్కి నెట్టేకొద్దీ ముల్లు అంకెల మీద జరిగేది. పైలట్ తల తిప్పి చూసుకోవాలి, అంతే. డబ్బా రేకుతో అలాంటిదే చేసి, ఈ పరాయి దేశపు షిప్‌యార్డులో మా పరంజాకు కట్టాను. గాలి ఎంతకు చేరితే క్రేన్ ఆపాలో అక్కడ ఎర్ర గీత గీశాను.

"ఏం తమ్మీ, మమ్మల్ని ఇండియాకు ఎగిరిస్తవా?" అని మల్లేశన్న నవ్వాడు. సూపర్‌వైజర్ అంకుల్ మాత్రం నిన్న ఆ రేకు చూసి, మాట చివర ఇక్కడివాళ్ళ 'లా' తగిలించి మరీ అందరి ముందూ తిట్టాడు. "నువ్వేమన్నా ఇంజనీరా? నోరు మూసుకుని పని చూడు లా." వాడి సర్టిఫికెట్లు తగలెయ్య!

ఇవాళ మకాన్, అదే మధ్యాహ్నం భోజనం, అయ్యాక గాలి లేచింది. క్రేన్‌కు ఇనుప పలక వేలాడుతోంది, కింద అన్న ఉన్నాడు. ముల్లు ఎర్ర గీత దాటింది. నేను చూశాను. మళ్ళీ తిట్లు తినడమెందుకని క్రేన్ ఆపమని అరవలేదు. పలక ఊగి అన్న మీదికి వచ్చింది.

ఆస్పత్రిలో అన్న అడిగాడు, "నీ రేకు ఏం జూపెట్టింది తమ్మీ?"

"నేను చూడలేదన్నా" అన్నాను.