చాయ్‌తోని ఇచ్చిన గోలి

నా పేరు ఎల్లవ్వ, వయసు అరవై ఎనిమిది. చిల్కానగర్‌ల కోడలు లక్ష్మి, మనుమరాలు, నేను ఉంటున్నం. లేబర్ ఆఫీసు సారుకు అర్జీ రాయాలన్నరు. సారు నాకు ఎర్క లేదు కొడుకా, అందుకే నీకే చెప్పుకుంట రాయిస్తున్న.

నాచారం కంపెనీల మూటలు మోసి నీ నడుము పట్టుకుంటే, మేస్త్రి చాయ్‌తోని నొప్పి గోలి ఇచ్చిండు. నాగా పెడితే పని పోతది, కాంట్రాక్టు పనోనికి దవాఖానా కార్డు లేదు. దినానికి ఒక్కటి మింగెటోనివి ఆరు మింగినవ్. అవి లేనినాడు వణుకుడు, చెమటలు. నేను జరమనుకొని, నా చేతులతోనే సద్దిడబ్బాల గవే గోలీలు పెట్టి పంపిన. నిరుడు ఇదే దినం నీ ఊపిరి ఆగింది.

నీ జాగల ఇప్పుడు లక్ష్మి పనికి పోతుంది. నిన్న నడుము నొస్తుందంటే గదే మేస్త్రి గదే గోలి ఆమె చేతుల పెట్టిండు. ఆమె మింగకుంట కొంగుల కట్టుకొచ్చింది. దాన్ని పట్టుకొని రేపు లేబర్ ఆఫీసుకు పోతున్నం.

"డబ్బాల పెట్టిన ముచ్చట ఇడిసిపెడదాం అత్తా, తప్పు నీ మీదికే మళ్లిస్తరు" అన్నది ఇది రాస్తున్న సరోజ.

"రాయవే. నేను పెట్టిన్నని నేను చెప్త. ఇచ్చిన్నని వాడు చెప్పాలె" అన్న.

ఇది ఎల్లవ్వ బొటనవేలి ముద్ర.

సాక్షులు: కోడలు లక్ష్మి. కాయితం రాసిన సరోజ, గదే మేస్త్రి కింద పనిచేసే యాదగిరి పెండ్లాం.