మగ్గాల షెడ్డులో మా బ్యాండు

10 జూన్ 2001, ఆదివారం

చర్చి అవుతూనే దొడ్డబళ్ళాపురం బస్సు. ఒళ్ళో గిటార్లు, కాళ్ళ మధ్య స్పీకరు. పక్కన తమ్ముడు దేవ నిద్ర.

మంజు వాళ్ళ మగ్గాల షెడ్డు. ఆదివారం మగ్గాలు ఆగుతాయి కాబట్టి మాకు దొరికింది. పట్టు నూలు మీద దుమ్ము పడకుండా దుప్పట్లు కప్పాం. మగ్గాల మధ్య సందులో డ్రమ్ములు. మంజు దేవ క్లాస్‌మేటు. నన్ను అక్కా అంటాడు కానీ డ్రమ్ముల ముందు కూర్చున్నాక ఎవరి మాటా వినడు. దేవ గిటారు. నేను బేసు గిటారు, పాట. ఇంకొకరు కావాలంటాడు దేవ. ముగ్గురం చాలంటాను నేను.

వేళ్ళు బొబ్బలెక్కాయి. రేపు మార్నింగ్ డ్యూటీ... ఈ వేళ్ళతోనే ఇంజెక్షన్లు.

13 జూన్, బుధవారం

హెడ్ సిస్టర్ నా వేళ్ళు చూసి, "ఏం కరుణా, ఇంట్లో అంట్లు ఎక్కువా?" అంది. అవునన్నాను.

24 జూన్, ఆదివారం

మంజు వాళ్ళ నాన్న నారాయణప్ప ఈసారి షెడ్డులోనే ఉన్నాడు. ముప్పై ఏళ్ళు ఆ చప్పుడులోనే పని. ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడిది సగం. మేం వాయిస్తుంటే స్టూలు మీంచి లేచొచ్చి మగ్గం గుంజ మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. పాట అయ్యేదాకా తియ్యలేదు.

"చేతికి బాగా వినపడతాది పాపా."

బ్యాండుకి పేరు కుదరలేదు. దేవ పన్నెండు రాసుకొచ్చాడు. పన్నెండూ ఇంగ్లీషే.

11 ఆగస్టు, శనివారం

కాలేజీ పోటీ. పద్నాలుగు బ్యాండ్లు. మావి నాలుగు ఇంగ్లీషు పాటలు, ఎక్కడా తప్పు పోలేదు. ప్రైజు రాలేదు. జడ్జీల్లో ఒకాయన దగ్గరికొచ్చి — గొంతు బాగుందమ్మా, కళ్ళు మూసుకుంటే అసలు క్యాసెట్టే వింటున్నట్టుంది... మెచ్చుకున్నాడనుకుని దేవ థాంక్స్ చెప్పాడు. బస్సెక్కాక అర్థమైంది వాడికి, కాపీ కొడుతున్నామన్నాడని. 

19 ఆగస్టు, ఆదివారం

ప్రాక్టీసు సరిగ్గా సాగలేదు. నారాయణప్ప వాళ్ళింట్లో రాగి ముద్ద, ఆకుకూర సారు. తింటూ అడిగాడు, ఏమైందని. మంజు గట్టిగా అరిచి చెప్పాడు, కుడి చెవి వైపు.

"పాటలు బాగుండాయి గానీ నాకొక్క ముక్కా తెలీలేదప్పా. మనకు మాట లేదా?"

"తెలుగులో రాక్ ఎవరు వింటారండీ, బెంగళూర్లో?" — దేవ.

"నేనుండాను గదప్పా."

 ఆయన ఇంకో ముద్ద వేయించాడు నాకు.

2 సెప్టెంబర్, ఆదివారం

పాట పూర్తయింది. మూడు రోజులు టీ టైములో, పాడైపోయిన చార్టు కాగితాల వెనక రాశాను. నారాయణప్ప గురించే.

చెవులు రెండూ మగ్గానికిచ్చి
చేతుల్తో మమ్మల్ని విన్నాడు

మంజుకి పాడి వినిపించాను. వాడు స్టిక్కులు తుడుచుకున్నాడు. తర్వాత మగ్గం నడకని డ్రమ్ముల మీదకి తెచ్చాడు — టక టక, ఒక ఖాళీ, టక. దాని మీద దేవ రెండే తీగలు కలిపాడు. వాడు ఎక్కువ వాయించకపోవడం ఇదే మొదటిసారి.

పేరు కూడా ఇవాళే. మగ్గం. దేవ తన పన్నెండు పేర్ల కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. పారెయ్యలేదు.

16 సెప్టెంబర్, ఆదివారం

నాన్నకి వినిపించాం. ముప్పై ఏళ్ళుగా చర్చిలో హార్మోనియం నాన్నదే. భయపడుతూనే పాడాను. "మూడో చరణంలో శ్రుతి జారుతున్నావు," అన్నాడు, అంతే. మళ్ళీ పాడి చూసుకున్నాను. జారుతున్నాను.

4 నవంబర్, ఆదివారం

చందాపుర. ఫ్యాక్టరీ వాళ్ళ ఆటల పోటీల చివరి రోజు. షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, ఎండ. జనంలో సగం అనంతపురం, చిత్తూరు వాళ్ళే. ఇంగ్లీషు పాటలకి మర్యాదగా చప్పట్లు కొట్టారు. తర్వాత మా పాట. మొదటి చరణంలో ముందు వరుసాయన సగం తిన్న బన్ను చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. పల్లవి రెండోసారి వచ్చేసరికి వెనక కన్నడ పిల్లలు కూడా అందుకున్నారు, మాట తెలిసో తెలియకో.

"ఇంకొక తూరి" — మూడుసార్లు పాడించారు.

దిగాక కుట్టు మిషన్ల మీద పనిచేసే ఒకావిడ నా మణికట్టు పట్టుకుంది. "మా నాయన కూడా ఇట్లే ఉండాడమ్మా, ఎంత అరిచినా వినపడదు."  

ఇంత బాగున్న ఆదివారం నాకు గుర్తులేదు.

30 డిసెంబర్, ఆదివారం

ఏడు చోట్ల పాడాం ఈ రెండు నెలల్లో. రెండు కాలేజీలు, ఒక పెళ్ళి కూడా. ఇప్పుడు తెలుగువి నాలుగు పాటలు. నిన్న బస్టాపులో ఎవరో పిల్ల — "మీరు మగ్గం అక్క కదా?" ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాను.

19 జనవరి 2002, శనివారం

ఐర్లండ్ ఆస్పత్రికి నర్సుల ఇంటర్వ్యూ. అమ్మ ఎప్పుడో నింపి పంపిన ఫారం. అమ్మ కూడా నర్సే, ఇరవై ఆరేళ్ళ సర్వీసు. తను వెళ్ళాలనుకుని వెళ్ళలేకపోయిన దేశాల పేర్లన్నీ వరసగా చెప్పగలదు.

సెలెక్ట్ అయ్యాను. సాయంత్రం అమ్మ రెండుసార్లు కాఫీ పెట్టింది, మొదటిది తాగామని మర్చిపోయి. నాకూ సంతోషమే, ఇక్కడ అబద్ధమెందుకు. పేషెంటును ఎలా తిప్పి పడుకోబెడతావో చూపించమంది ఇంటర్వ్యూ చేసినావిడ. చూపించాను. "మీ చేతులు నాకు నచ్చాయి," అంది.

దేవకి చెప్పలేదు ఇంకా. అమ్మని కూడా చెప్పొద్దన్నాను.

2 ఫిబ్రవరి, శనివారం

మళ్ళీ ఐర్లండే. అక్కడి నుంచి ఒక బ్యాండు వచ్చే శనివారం బెంగళూరు వస్తోంది, అందరూ ఇరవై రెండు ఇరవై మూడేళ్ళ వాళ్ళు. వాళ్ళకి ముందు అరగంట మాకిచ్చారు. ఇంగ్లీషు పాటలే పాడాలని షరతు. దేవ ఒప్పుకొచ్చేశాడు.

"అట్లయితే ఇంక మగ్గం అని పేరెందుకు? తీసెయ్," అన్నాడు మంజు.

"ముందు స్టేజీ ఎక్కనివ్వరా."

"ఎక్కి ఏం పాడేది? క్యాసెట్టా?"

ఆ మాట దేవకి బాగా తగిలింది. నన్ను చూశారిద్దరూ. ఏదో ఒక వైపు మాట్లాడాల్సింది. మాట్లాడలేదు. రెండు నెలల తర్వాత ఉంటానో లేదో తెలియనిదాన్ని... ఏ మొహంతో?

9 ఫిబ్రవరి, శనివారం

ఐర్లండ్ వాళ్ళతో ప్రోగ్రాం అయిపోయి ఇప్పుడే ఇల్లు చేరాం. 

అంతమంది జనాన్ని ఎప్పుడూ చూడలేదు. మూడు ఇంగ్లీషు పాటలయ్యాయి. గడ్డి మీద కూర్చున్నవాళ్ళు కూర్చునే ఉన్నారు. నాలుగోది కూడా ఇంగ్లీషుదే అనుకున్నాం. నేను బేసు సవరించుకుంటుంటే దేవ రెండే తీగలు మీటాడు, మగ్గం పాటవి. పొరపాటేమో అని చూశాను. వాడు నన్ను చూడలేదు, మంజు వైపు తిరిగి తల ఊపాడు. మంజు మొహం... అది ఇక్కడ రాయలేను.

పాడాను. పక్కనుంచి నిర్వాహకుడు చేతులూపుతున్నాడు. "ఇంగ్లీష్ ప్లీజ్" అని ఎవరో అరిచారు. రెండో చరణానికి అరుపు లేదు. మూడో చరణంలో శ్రుతి జారలేదు. లేచి నిలబడ్డారు జనం — అందరూ కాదు, సగం పైనే.

వాళ్ళ బ్యాండులో బేసు వాయించేది అమ్మాయే. స్టేజీ వెనక టీ తాగుతూ పేరు చెప్పింది, నీవ్. "నీవు అంటే తెలుగులో నువ్వు అని," అన్నాడు మంజు. ఆమెకు అది ఎంత నచ్చిందో, మంజుని చూపించి నీవ్, దేవని చూపించి నీవ్ అంటూ తిరిగింది. వాళ్ళు మొదలుపెట్టింది వాళ్ళ బాబాయి ఆవుల కొట్టంలోనట. ఊళ్ళో పెళ్ళిళ్ళు, తర్వాత వాళ్ళ జిల్లా రేడియో, ఒక్క పాట పేరు తెచ్చిందట. ఇప్పుడు ఇది ఆరో దేశం. "ఇంటికెళ్ళి మూడు నెలలు. అమ్మ ఫోనులో ఏడుస్తుంది. నేను ఏడవను, ఫోను పెట్టేశాక ఏడుస్తాను," అంది.

వాళ్ళమ్మ నర్సు. ఆమె వార్డులో మన దేశం వాళ్ళు ముగ్గురున్నారట. నా సంగతి నీవ్‌కి చెప్పేశాను. దేవకి చెప్పలేనిది ఎక్కడి నుంచో వచ్చిన పిల్లకి. "రా, వానలు తప్ప ఏమీ భయం లేదు," అంది. కొంచెం ఆగి — "బేసు తెచ్చుకో."

10 ఫిబ్రవరి, ఆదివారం

దేవకి చెప్పాను, బస్సులో. కిటికీలోంచి చూస్తూ విన్నాడు.

"జనవరిలోనే తెలుసా?"

"ఊఁ."

"నిన్న అంత పాట పాడావు, మనసులో ఇది పెట్టుకుని?"

"ఇది ఉంది కాబట్టే పాడానేమో."

యలహంక దాటాక భుజం మీద తల వాల్చాడు, చిన్నప్పట్లా. కోపం పోలేదు. తల మాత్రం తియ్యలేదు.

24 మార్చి, ఆదివారం

రేడియోకి పంపడానికి స్టూడియోలో మా నాలుగు తెలుగు పాటలూ రికార్డయ్యాయి. నారాయణప్ప కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు. రికార్డింగు ఆయనకి నచ్చలేదు. "అద్దం అవతల పాడతా ఉండారు, జైల్లో మాదిరి," అన్నాడు. మధ్యాహ్నం అందరం దోసెలు. మంజు ఐదు తిన్నాడు.

15 ఏప్రిల్, సోమవారం

మా పాట రేడియోలో వచ్చింది. వార్డులో ఆయా రేడియో పెట్టుకుంది. నేను మూడో బెడ్డు పెద్దాయనకి కట్టు మారుస్తున్నాను. "ఎవరో ఈ అమ్మాయి, గొంతు బరువుగా ఉండాది," అన్నాడాయన. కదలకండి అన్నాను.

23 ఏప్రిల్, మంగళవారం

పొద్దున్నే ఏజెన్సీ ఫోను. శనివారం పదకొండింటికి ఐర్లండ్ కాగితాల మీద సంతకం. మనిషే రావాలి, ఇంకో రోజు కుదరదు. సరేనన్నాను.

మధ్యాహ్నం దేవ పరుగెత్తుకుంటూ ఆస్పత్రికే వచ్చాడు. రేడియో వాళ్ళు పిలిచారు, ముగ్గురం వెళ్ళి అక్కడే వాయించాలి. శనివారం పదకొండింటికి. వాడి మొహం చూసి సరేనన్నాను.

అమ్మ నా తెల్ల చీర ఇస్త్రీ చేసి కుర్చీ మీద వేసింది, సంతకానికి వెళ్ళడానికి. దాని మీదే దేవ బేసుకి కొత్త తీగల పొట్లం పెట్టి వెళ్ళాడు. రెండూ తీసి అల్మారాలో సర్దాలి. ఇంకా లేవలేదు.