ఫారంలో తండ్రి పేరు

అయినా ఆ ఫారం నన్నెవరు నింపమన్నారు సువర్ణా. మనింట్లో దిగిన జర్మనీ పిల్ల లీనా, ఎక్స్ఛేంజ్ అని ఆరు నెలల చదువుకొచ్చింది కదా. తన యూనివర్సిటీ ఫారంలో ఆపదలో ఎవరికి చెప్పాలని అడిగినచోట, మన ఊరి అలవాటు కొద్దీ నా పేరు రాసి పక్కన తండ్రి అని పెట్టేశాను.

ఇంటి బెంగతో, జ్వరంతో ఆ పిల్ల మూడు రోజులు గది దాటలేదు. నిన్న యూనివర్సిటీవాళ్లు నాకు ఫోన్ చేసి, శుక్రవారంలోగా మీ అమ్మాయి వచ్చి చేరకపోతే సీటు పోతుంది, వెనక్కెళ్లిపోవాలి అన్నారు. పని మానుకుని నేనే తీసుకెళ్లాను. కౌంటర్లో ఆవిడ ఆ బంగారు జుట్టునీ నన్నూ మార్చి మార్చి చూసి, "మీ కూతురేనా?" అంది.

"తల్లి పోలికండి" అన్నాను.

మూడు రోజులకి లీనా అప్పుడే నవ్వింది. నవ్వుతూనే సంతకం పెట్టింది.

నువ్వు మిరియాల చారులో ఏం వేస్తావో రాయి, నాది తాగలేకపోతోంది పాపం. అక్కడ అత్తయ్యగారి కంటి కట్టు విప్పారా? వందనాలు చెప్పు. నా నడుం అలాగే ఉంది, కంగారుపడకు. దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి.

"అంకుల్, బస్సు" అని లీనా గేటు దగ్గర్నుంచి పిలుస్తోంది. మొదటి క్లాసుకి తోడు రావాలట. ఏడో తరగతి దాటనివాణ్ణి, నన్ను పట్టుకుని యూనివర్సిటీకి రమ్మంటోంది చూడు. ఉంటాను.