అడగ్గానే ఇచ్చిన పేర్లు

తొడుపుళ, జూన్ 9

ఈశోమిశిహాకు స్తుతి.

ప్రియమైన జోబీ,

కవరు మీద నా చేతిరాత చూసి కంగారు పడకు. అమ్మ బాగానే ఉంది. నిన్న కర్రపెండలం ఉడికించి పక్కింటివాళ్లకు కూడా పంచింది. బాగా లేనిది నేనే. నన్ను ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు.

మా నర్సులకు ‘తిర’ యాప్‌లో ఒక గుంపు ఉందని నీకు తెలుసు. తమ్ముడు పనిచేసే కంపెనీదే కదా అని ధైర్యంగా చేరాను. అక్కడ ఎవరం సొంత పేర్లతో రాయం. నా పేరు ‘పచ్చమిరప’. మే నెల మొదట్లో మా వార్డులో నలభై పడకలకు నేనొక్కదాన్నే ఉన్న పూట, ఒక ముసలాయన మంచం మీంచి జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆ సంగతి రాశాను, ఆస్పత్రి పేరుతో సహా. అబద్ధం ఒక్క ముక్క లేదు. తర్వాత పది రోజులకు మా గుంపే మాయమైంది. ‘నియమాలకు విరుద్ధం’ అని ఒక్క వాక్యం, అంతే. మొన్న మేనేజరు పిలిచి బల్ల మీద ఒక కాగితం తోశాడు.

“పచ్చమిరప ఎవరో తెలుసా సిస్టర్?”

“తెలీదు సార్.”

“మరి ఈ ఫోన్ నంబరు ఎవరిది?”

నాదే. దాని కింద, గుంపులో నాతో గొంతు కలిపిన షైలది, ఇంకో ఇద్దరు నర్సులవి. నలుగురినీ ఇంటికి పంపేశారు.

మా నంబర్లు గుంపులో కనపడవు. అవి మీ కంపెనీ దగ్గరే ఉంటాయి. అందుకే ఆ యాప్ తీసేశాను. అసలేం జరిగిందో కనుక్కుని రాయి. అప్పటిదాకా మన మాటలు కాగితం మీదే.

నీ చేచి,
త్రేస్య

*

కాక్కనాడ్, జూన్ 15

ప్రియమైన చేచీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కానీ ఒక్క మాట చెప్పనీ. కోర్టు ఉత్తర్వు లేనిదే మా దగ్గర్నుంచి ఎవరి వివరాలూ బయటికి పోవు. ఆ అర్జీలు చూసే విభాగంలోనే ఉన్నాను, నాకు తెలియదా? మీలోనే ఎవరో నోరు జారి ఉంటారు. షైల చేచి నోట్లో నువ్వుగింజ నానదని నువ్వే కదా అంటావు! ముందు ఆవిడను నిలదీసి చూడు.

నువ్వు ‘మీ కంపెనీ’ అని రాసిన తీరు మాత్రం గుచ్చుకుంది. నాకీ ఉద్యోగం వచ్చిన రోజు చర్చి మెట్ల మీద నిలబడి అందరికీ కేకు పంచింది నువ్వే.

నీ తమ్ముడు,
జోబిన్

*

తొడుపుళ, జూన్ 20

జోబీ,

నీ మాట నమ్మి షైల ఇంటికి వెళ్లాను. జోరు వాన. గొడుగు మడవకుండానే గుమ్మంలో అడిగేశాను. ఆవిడ నా చేతిలోంచి గొడుగు లాక్కుంది.

“నన్ను నేనే పట్టించి నా ఉద్యోగం నేనే పోగొట్టుకున్నానా? పదిహేనేళ్లు కలిసి పనిచేశాం. నీకు బుద్ధుందా త్రేస్యా?” అంది. కళ్లు తుడుచుకుంటూ లోపలికెళ్లి నాకు పాలు లేని కట్టంచాయ తెచ్చిచ్చింది. సిగ్గుతో తల దించుకునే తాగాను.

మా నర్సుల సంఘం లాయరమ్మ మేనేజరు చూపించిన కాగితం నకలు సంపాదించింది. షైలా నేనూ పక్కపక్కన కూర్చుని చదివాం. మాలో ఎవరు ఏ రోజు ఏ నిమిషానికి యాప్ తెరిచారో, ఎంతసేపు ఉన్నారో అన్నీ ఉన్నాయి. ఇవి షైలకెలా తెలుస్తాయిరా? నాకే తెలియవు! కాగితం మూల 4417 అని ఒక సంఖ్య ఉంది. అదేమిటో చూడు. నామీద ప్రేమ కొద్దీ వద్దు, నిజం కోసం చూడు.

త్రేస్య

*

కాక్కనాడ్, జులై 28

ప్రియమైన చేచీ,

ఐదు వారాలుగా ఉత్తరం మొదలుపెట్టి చింపేస్తూనే ఉన్నాను.

నీ ఉత్తరం అందిన మర్నాడే 4417 వెతికాను. మీ ఆస్పత్రి పంపిన అర్జీ. కోర్టు ఉత్తర్వు లేదు. లాయరు కాగితం మీద నాలుగు వాక్యాలు, పైన ‘అత్యవసరం’ అని ఎర్ర అక్షరాలు. గుంపు మూసేయమనీ, నలుగురి వివరాలు ఇమ్మనీ. కింద ‘పరిశీలించి అనుమతించాను’ అని ఉంది. ఆ అనుమతించినవాణ్ని నేనే.

ఆ రోజు నా ముందు అరవై మూడు అర్జీలున్నాయి, అడిగింది మీ ఆస్పత్రి అని కూడా చూసుకోలేదు. “పెద్ద సంస్థల లాయర్లు అడిగితే వెనక్కి పంపకండి” అని మా పై అధికారి నోటిమాటగా చెప్పాడు. నియమం గోడ మీద ఉంది, పని ఇలా సాగుతోంది. పచ్చమిరప అన్న పేరు చూసి నవ్వుకున్నట్టు కూడా గుర్తు. ఒక్క నొక్కుతో నీ నంబరు వెళ్లిపోయింది.

దాచేద్దామనుకున్నాను, చేచీ. దాస్తే ఎవరికీ తెలిసేది కాదు. అది నువ్వని తెలిసి ఉంటే ఆపేవాణ్ని. ఆ ఆలోచనే నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. మిగిలిన అరవై రెండు అర్జీల్లో ఉన్నవాళ్లు ఎవరికీ ఏమీ కారా?

శనివారం వచ్చి మీ లాయరమ్మకు అంతా రాసి, సంతకం పెట్టి ఇస్తాను. ముందు షైల చేచి కాళ్ల మీద పడాలి. నువ్వు తలుపు తీయకపోతే మెట్ల మీదే కూర్చుంటాను.

జోబిన్

*

తొడుపుళ, మరుసటి ఏడాది సెప్టెంబరు 14

ప్రియమైన జోబీ,

మూవాట్టుపుళలో పిల్లలకు కంప్యూటరు పాఠాలు బాగా చెబుతున్నావని విన్నాను. కంపెనీ నిన్ను తీసేసినందుకు నాకింకా బాధగానే ఉంది. అమ్మకు మాత్రం గర్వం. ఇంటికి ఎవరొచ్చినా నువ్వు కోర్టులో సాక్ష్యం చెప్పిన సంగతే చెబుతుంది. “కంపెనీ మీద కోపంతో చెబుతున్నావా అని వాళ్ల లాయరు అడిగాడు. నా మీద కోపంతో చెబుతున్నాను సార్ అన్నాడు మావాడు,” అంటూ నీ గొంతు అనుకరిస్తుంది. పక్కనున్న షైల “అప్పుడు వాడి కాళ్లు వణికాయి, అది చెప్పరేం అమ్మచ్చీ?” అని తగులుకుంటుంది. నిన్ను అందరికంటే ముందు క్షమించింది ఆవిడే. నాకు మూడు వారాలు పట్టింది.

మా నలుగురినీ మళ్లీ పనిలోకి తీసుకున్నారు. నలభై పడకలకు ఇప్పుడు ఇద్దరం. చాలదు, అడుగుతూనే ఉన్నాం. మా గుంపు తెరుచుకుంది. అర్జీల సంగతి ఇక దాచబోమని కోర్టు ముందు మాట ఇచ్చిన ప్రకారం మొన్న కంపెనీ మొదటి లెక్క బయటపెట్టింది. ఆర్నెల్లలో నాలుగు వందల పన్నెండు అర్జీలు వస్తే, కోర్టు ఉత్తర్వు ఉన్న ముప్ఫై ఒక్కటికే వివరాలిచ్చారట. ఆ అంకెలు నిజమో కాదో తేల్చే పని లాయరమ్మ చేతిలో ఉంది. పూర్తిగా నమ్మేశానని అనుకోకు.

అసలు సంగతి నిన్న జరిగింది. కాసర్‌గోడ్ నుంచి ఒకాయన మా సంఘానికి ఫోన్ చేశాడు. పేరు కుంజంబు, బస్సు కండక్టరు. తమ బస్సుల బ్రేకులు ఎంత అధ్వానంగా ఉన్నాయో ‘తిర’లో మారుపేరుతో రాశాడట.

“మా యజమాని నా పేరు అడిగాడంట సిస్టర్. యాప్ వాళ్లు ఇంకా ఇవ్వలేదంట. అభ్యంతరం ఉంటే పద్నాలుగు రోజుల్లో చెప్పమని నాకే నోటీసు వచ్చింది. ఇచ్చేముందు నన్ను అడగడమేంటి? ఇందులో ఏమన్నా మోసముందా?”

ఆ నోటీసు మొత్తం ఒకసారి చదివి వినిపించమన్నాను.

“మోసం లేదు,” అన్నాను. “పేరు నీది, అందుకే నిన్ను అడుగుతున్నారు.”

“వద్దంటే ఊరుకుంటారా?”

“ఊరుకోవాలి. కాగితం, కలం తెచ్చుకో. ఎలా వద్దనాలో చెబుతాను.”

ఆయన ఒక్కో మాటా పైకి చదువుకుంటూ రాసుకున్నాడు. చివర్లో, “పేరు పెట్టాలా సిస్టర్?” అని భయంగా అడిగాడు.

“అక్కర్లేదు,” అన్నాను.

ప్రేమతో,
నీ త్రేస్య చేచి