మెట్ల మీద ఆపిన వల

బావా, నీ కొత్త వలను మరియమాత గుడికెక్కే ఈ కొండ మెట్ల మీద అందరి ముందూ ఆపే హక్కు, ఉపదేశినైనంత మాత్రాన నాకెవరిచ్చారు?

వలను దీవించమని గురువుగారి దగ్గరికి మోసుకొస్తుంటే, "ముందు నీ పాపాలు ఒప్పుకుని పాపసంకీర్తనం చెయ్యి, తరవాతే వల" అని గద్దించాను. "నీకు బైబులొచ్చు, నాకు సముద్రమొచ్చు. అడ్డు లెగు బావా" అని నువ్వు వలతోనే దిగిపోయావు. ఆ తరవాత రెండేళ్లు మనకు మాటల్లేవు. హార్బరు దాటే ప్రతి బోటులోనూ మనుషులు ఈ గుడివైపు తిరిగి సిలువ గుర్తు వేసుకుంటారు. నీ బోటును పైనుంచి చూసేవాణ్ణి, దిగేవాణ్ణి కాదు. మొన్న వేసవిలో నీ గుండె ఆగిపోయింది.

ఇవాళ మరియమాత పండుగ. కానుకను పీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమన్న ప్రభువు మాటను గొంతెత్తి చెబుతున్నాను. మా చెల్లి, అదే నీ రోజమ్మ, ఆ వలను నెత్తిన పెట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"అన్నయ్యా, ఏటేటా ఇదే వాక్యం సెప్తన్నావు. మా ఇల్లు కొండ కిందే గదా. ఓపాలి దిగితే కాళ్లరిగిపోతాయేటి?"

ఆడవాళ్లు నవ్వారు. నేను పుస్తకం మూసి, వల ఒక కొస పట్టుకున్నాను. గురువుగారు దీవించారు.

రేపు నీ తమ్ముడు ఆంతోని ఆ వలతో వేటకెళ్తాడు. నిన్ను ఆపిన నేను ఈ గుడిలో ఉన్నంతకాలం కొండెక్కనని మంకుపట్టు పట్టి కిందే నిలబడ్డాడు. అతని దగ్గరికే వెళ్తున్నాను.

ఇది చదివేవాళ్లారా, మీతో మాట మానేసినవాడు ఇంకా బతికే ఉన్నాడా? ప్రార్థన సగంలో ఉన్నా సరే, లేచి ఇవాళే వెళ్లండి.